మామకు కొన్న ఫోను

మా కాలేజీలో ఈమధ్యే చేరిన లెక్చరర్ ఒకామె ఇందాక మెసేజ్ పెట్టింది. వాళ్ళమ్మకు చూపు దాదాపు పోయిందట, టచ్ ఫోను ఏది కొనాలో చెప్పమని అడిగింది. "మీకు బాగా తెలుసని అన్నారు" అని చివర్లో ఒక ముక్క. ఎవరన్నారో గానీ అబద్ధం కాదు. పాపను నిద్రపుచ్చి, రేపటి యూనిఫారం తీసిపెట్టి, జవాబు రాద్దామని కూర్చున్నాను. నాలుగు ముక్కల్లో తేల్చేయొచ్చనుకున్నాను. పక్కన చేతికి తెలిసే గట్టి బటన్లున్నది చూడండి. తెరలోపల వేలిముద్ర తీసుకునేది వద్దు. తెర మీదిది చదివి వినిపించే తెలుగు గొంతు ఎట్లా ఉందో షాపులోనే విని తీసుకోండి. మధ్యలో ప్రకటనలు దూకే ఫోనైతే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. అన్నిటికంటే ముందు, అమ్మగారిని షాపుకు తీసుకుపోయి ఆమె వేలితోనే తాకించి చూడండి. ఈ ఆఖరి మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. మామ గుర్తొచ్చారు.

మామ అంటే మా ఆయన తండ్రి. చిత్తూరు దగ్గర ఒక పెరుమాళ్ళ గుడిలో వయసంతా వంటశాలలోనే గడిపారు. ఆ వంటకు పద్ధతులు ఎక్కువ. ముక్కునూ మూతినీ కలిపి గుడ్డ కట్టుకోవాలి. రుచి చూడకూడదు, వాసన పీల్చకూడదు, పొయ్యి మీద గిన్నె ఉన్నంతసేపూ నోరు విప్పకూడదు. నైవేద్యం పెట్టేదాకా అది స్వామి సొత్తు. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుందని పెళ్ళయిన కొత్తలో అడిగాను. "ఉప్పు చెయ్యికి తెలుస్తాది, ఉడుకు చెవికి తెలుస్తాది. నోటికి ఆడ పనేముండాదమ్మణ్ణీ?" అన్నారు. నీటికాసుల జబ్బు, డాక్టర్లు గ్లకోమా అనేది, ఆయన చూపును అంచుల నుంచి మెల్లగా కొరుక్కుంటూ వచ్చింది. అత్త ఉన్నన్నాళ్ళూ ఆమె కళ్ళతో నెట్టుకొచ్చారు. ఆమె పోయాక తిరుపతికి మా దగ్గరికి వచ్చారు. ఒక ట్రంకుపెట్టె, ఒక ఇత్తడి గరిటె, మీటల మీది అంకెలన్నీ అరిగిపోయిన పాత ఫోను ఆయన సామాను.

మాది మేడ మీద రెండు గదుల ఇల్లు. మా ఆయనకు నాయుడుపేట ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. వారానికోసారి వచ్చి, సగం సెలవు నిద్రపోయి, మిగతా సగం బస్సు టైము చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఇక మిగిలింది మామ, నేను, నెలల పిల్ల. కోడలితో ఎంతవరకు మాట్లాడాలో మామకు ఒక కొలత ఉండేది. మామతో ఎంత మాట్లాడొచ్చో నాకూ ఒక కొలత ఉండేది. రెండూ కలిపినా రోజుకు పది మాటలు దాటేవి కావు. నాకేమో భయమెక్కువ. పాప నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. నిద్రపోకపోతే ఎందుకు పోలేదని చూసేదాన్ని. ఆ రోజుల్లోనే కాలేజీలో ఉద్యోగం వచ్చింది. కింది వీధి నుంచి ఒక అక్క వచ్చి మధ్యాహ్నం దాకా పాపను చూసుకునేది. ఆమె వెళ్ళాక, నేను వచ్చేలోపు, ఇంట్లో తాతా మనవరాలూ ఇద్దరే. ఆ మధ్య వేళ నా గుండెల మీద రాయిలా కూర్చునేది. మామ పాత ఫోనుతో నాకు కాల్ చేయగలరు. కానీ నాకు పాపను కళ్ళతో చూడాలి. వీడియో కాల్ కావాలి. అందుకే టచ్ ఫోను.

చూపు లేనివాళ్ళ కోసం ఆ ఫోన్లలో స్క్రీన్ రీడర్ అని ఒకటుంటుంది. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదివి వినిపిస్తుంది. కావలసింది వినబడ్డాక రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. దాన్ని గురించి చదివి, వీడియోలు చూసి, నాకంతా తెలుసన్న ధీమాతో మామను బస్టాండు దగ్గర ఒక షాపుకు తీసుకెళ్ళాను. తండ్రి గడియారాలు బాగుచేసిన కొట్టులోనే కొడుకు ఫోన్లు అమ్ముతున్నాడు. నేను ఒక ఫోను తీసుకుని స్క్రీన్ రీడర్ ఆన్ చేశాను. ఆ సంగతి తెలియక అతను ఎప్పటిలాగా ఒక్కసారి తట్టాడు. ఫోను కదల్లేదు, పైగా గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. అతను తట్టినకొద్దీ అది చదువుతూ పోయింది. పక్కన కవర్లు చూస్తున్నవాళ్ళు కూడా చుట్టూ చేరారు.

"అరె, ఏం చేసినారు మేడమ్? ఫోను నా మాట ఇనడం లేదే!"

"నీ మాట ఇనకపోతే ఏమప్పా," అన్నారు మామ తల కొంచెం పక్కకు వంచి, "దాని మాట నువ్వు ఇను."

షాపంతా నవ్వింది. శబ్దం పెంచే, తగ్గించే బటన్లు రెండూ కలిపి కాసేపు నొక్కిపట్టి నేను దాని నోరు మూయించాక అతనూ నవ్వాడు. తర్వాత మామ వంతు వచ్చింది. స్క్రీన్ రీడర్ మళ్ళీ ఆన్ చేసి, మామ చూపుడువేలు పట్టుకుని తెర మీద పెట్టాను. పలకలేదు. జరిపాను. పలకలేదు. ఇంకో ఫోను, ఇంకో ఫోను. కాగిన పెద్ద వంట గుండిగల చెవులు పట్టి పట్టి ఆయన వేళ్ళ కొసలు కాయకట్టి చెక్కలా అయిపోయాయి. ఆ చర్మాన్ని తెర గుర్తుపట్టడం లేదు. వేలిముద్ర తీసుకోబోతే ముద్రే పడలేదు. ముఖం చూసి తెరుచుకునే ఏర్పాటుకు పోతే కళ్ళు తెరవమంది. మామ చాలాకాలంగా కళ్ళు మూసుకునే ఉండేవారు. తెరిచి మాత్రం ఏం లాభమని.

"నేనుండానని దీనికి తెలీలేదమ్మణ్ణీ, పోనీలే" అంటూ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ మాట ఆయన తేలిగ్గానే అన్నారు. నాకు మాత్రం అక్కడ నిలబడబుద్ధి కాలేదు. బయటికి నడుద్దామని ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. షాపతను మాత్రం వదల్లేదు. "పెద్దాయనా, వేలు మడిసి తట్టండి, తలుపు తట్టినట్టు" అన్నాడు. మామ వేలు మడిచి కణుపుతో తాకారు. ఫోను పలికింది. కణుపు మీద చర్మం మెత్తగా ఉంది మరి. మామ కణుపుతోనే తెరంతా మెల్లగా నిమిరారు. గడియారం, కెమెరా, సందేశాలు అంటూ అది ఒక్కొక్కటే చెబుతుంటే ఆయన ముఖంలో కొత్త వంటశాలలో మొదటిసారి అడుగుపెట్టినవాడి జాగ్రత్త. ఆ ఫోనే కొన్నాం.

ఇంటికొచ్చాక అసలు చదువు మొదలైంది. స్క్రీన్ రీడర్ మాట్లాడుతుండగానే వేలు జరపొచ్చు, అది మధ్యలోనే ఆపి కొత్తది చెబుతుంది. ఎన్నిసార్లు చెప్పినా మామ ఆ పని చేయలేదు. "ఆయమ్మ మాట్లాడతా ఉంటే మద్దెలో అడ్డం పడేదెట్ల?" అని మాట పూర్తయ్యేదాకా ఆగేవారు. ఆఖరుకు "ఆఁ" అని కూడా అనేవారు. బ్యాటరీ తక్కువగా ఉందని అది చెబితే "అమ్మణ్ణీ, ఆయమ్మకు ఆకలైతాంది సూడు" అని నన్ను పిలిచేవారు. మేమిద్దరం అప్పటిదాకా మాట్లాడుకోని మాటలన్నీ ఆ ఫోను మీద పెట్టి మాట్లాడుకున్నామేమో. నా నంబరును 'కోడలు' అని పెట్టాను. వీడియో కాల్ ఎత్తడం నేర్పాను. మొదటిరోజు స్టాఫ్ రూములోంచి చేస్తే నాకు కనబడింది తిరుగుతున్న ఫ్యాను. కొంచెం కిందికి మామా అంటే ఆయన పంచె అంచు. పక్కకు మామా అంటే గోడమీది క్యాలెండరు. కట్టకడపట పాప చెవి ఒక్కటి కనబడింది. ఆ చెవి చూసుకుని ఆ పూటంతా బతికాను.

అట్లా కొన్నాళ్ళు గడిచాయి. ఒక వానరోజు మధ్యాహ్నం చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. మూడోసారీ ఎత్తలేదు. క్లాసు పక్క లెక్చరర్‌కు అప్పగించి ఆటో ఎక్కాను. దారంతా చేస్తూనే ఉన్నాను. మెట్లెక్కుతుంటే తలుపు లోపల ఫోను మోగడం, ఆ గొంతు "కోడలు కాల్ చేస్తున్నారు" అని చెప్పడం వినబడింది. దాంతోపాటు ఉడుకుతున్న పెసరపప్పు వాసన. నా దగ్గరున్న తాళంతో తలుపు తీశాను. వంటింటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ పడుకోబెట్టి ఉంది. దానికి ఇవతల పాప, కాళ్ళకు గజ్జెలతో, కుర్చీ కోళ్ళు పట్టుకుని నిలబడి కేరింతలు కొడుతోంది. అవతల మామ. గ్యాసు ముట్టించవద్దని నేను ఒట్టు వేయించుకున్న పొయ్యి ముందు, ముక్కుకూ మూతికీ తువ్వాలు బిగించి, చెవి గిన్నె వైపు వంచి నిలబడి ఉన్నారు.

నేను అరిచాను. ఏమన్నానో సగం గుర్తులేదు. మామ వెనక్కి తిరగలేదు. కాస్త ఆగమన్నట్టు అరచెయ్యి మాత్రం ఎత్తారు. ఇంకాసేపు విన్నారు. పొయ్యి ఆర్పారు. తడుముకుంటూ ఒక గరిటెడు చిన్న గిన్నెలోకి తీసి, తులసి ఆకు వేసి, చేతులు జోడించారు. అప్పుడు తువ్వాలు విప్పారు.

"పొద్దున నువ్వు పెట్టిపోయింది పులిసిపోయింటే అక్క పారబోసి పోయిందమ్మణ్ణీ. బిడ్డ ఆకలికి ఏడ్సింది."

"ఫోనెత్తి ఒక్క మాట చెప్పకూడదా మామా?"

"పొయ్యి మింద గిన్నె ఉండాది గదమ్మా. ఒక్క మాటైనా మాటే గదా" అన్నారు, నాకు తెలియకపోవడమే వింత అన్నట్టు.

పాప గిన్నెడూ తినింది. నా చేతి వంట ఎన్నడూ అంత తినలేదు. కానీ సాయంత్రం మా ఆయనతో ఫోనులో చెబుతున్నప్పుడు ఆ సంగతి నా నోటికి రాలేదు. గ్యాసు, పసిపిల్ల, ఎత్తని ఫోను, ఇవే వచ్చాయి. "నాయనను ఐరాల ఊళ్ళో మా అక్క దగ్గర వదిలేస్తాం. నువ్వు ఉద్యోగం మానేయ్ కొన్నాళ్ళు" అన్నాడు మా ఆయన. స్పీకరు పెట్టలేదు గానీ, మామ చెవులకు స్పీకరుతో పనేముంది? మరుసటిరోజు పొద్దున నేను కాఫీ ఇవ్వబోతే ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంది. మడతపెట్టిన పంచెలు, వాటిమీద గరిటె. ఫోను మాత్రం మంచం మీదే పెట్టారు.

"అది యాడికి మామా, తీసుకుపోండి" అన్నాను.

"ఐరాలలో నన్ను ఎవురు పిలుస్తారమ్మణ్ణీ దాంట్లో? ఈడైతే నువ్వన్నా పిలుస్తాండావు."

ఫోను చేతిలోకి తీసుకుని మంచం మీద కూర్చున్నాను. మా ఇంట్లో నేనొక్కదాన్నే ఒంటరినని అనుకుంటూ ఉండేదాన్ని. భయంతో నేను చేసే ఆ కాల్ కోసం ఒక మనిషి పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాడని తట్టనే లేదు. ఆ రోజు కాలేజీకి పోలేదు. ఫోను ముందేసుకుని సెట్టింగులన్నీ గాలించాను. కాల్ వస్తే కాసేపటికి దానంతట అదే ఎత్తుకునే ఏర్పాటు ఒకటి దొరికింది. ఆ నంబరు నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ ఇవ్వకుండా, స్పీకరు ఎప్పుడూ తెరిచి ఉండేట్టు పెట్టాను.

"మీరు మాట్లాడొద్దు మామా. నేను చేస్తే అదే ఎత్తుకుంటుంది. నేను వింటా."

"వంట జేసుకోవచ్చునా?"

పెట్టెలోంచి గరిటె తీసి ఆయన చేతికిచ్చాను. "చేసుకోండి" అన్నాను. మా ఆయనకు మాత్రం, పెట్టె తిరిగి మంచం కిందికి పోయిందని, అంతే చెప్పాను.

ఆ తరవాత రోజూ మధ్యాహ్నం, స్టాఫ్ రూము వెనక మెట్ల దగ్గర ఫోను చెవికి పెట్టుకుని కూర్చునేదాన్ని. వీడియో మానేశాను. మొదట్లో ఏ చప్పుడు ఏదో తెలిసేది కాదు, గజ్జెలు ఆగిపోతే పడిపోయిందేమోనని లేచి నిలబడేదాన్ని. మెల్లగా తెలిసింది. బియ్యం నీళ్ళలో ఎగిరేటప్పుడు గిన్నె తేలిగ్గా టకటకలాడుతుంది. నీళ్ళు ఇంకేకొద్దీ ఆ చప్పుడు బరువెక్కి, లోపలికి వెళ్ళి, గుప్పుగుప్పుమంటుంది. పాప గజ్జెలు కుర్చీ దగ్గరికి వచ్చి ఆగుతాయి. పొయ్యి ఆరుతుంది. కాసేపు ఏమీ ఉండదు. తువ్వాలు విప్పుతున్నారని తెలుస్తుంది. అప్పుడు మామ గొంతు వస్తుంది. "ఉండావా అమ్మణ్ణీ?" "ఉండా మామా" అనేదాన్ని. ఇంకేమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. "తిను తల్లీ" అని పాపతో అనడం వినబడ్డాక పెట్టేసి క్లాసుకు పోయేదాన్ని.

పోయిన కార్తీకంలో మామ పోయారు. ఎక్కువ మంచాన పడలేదు. పాప ఇప్పుడు బడికి పోతోంది. మా ఆయన ఇంకా నాయుడుపేటలోనే ఉన్నాడు. మధ్యాహ్నం మా ఇంటికి తాళం వేసి ఉంటుంది. అప్పుడప్పుడూ కాలేజీలో ఆ మెట్ల దగ్గర, తింటూ తింటూ ఆగి, ఈ వేళకు ఆ వంటింట్లో ఎండ ఏ గోడ మీదికి వచ్చి ఉంటుందా అనుకుంటాను. మనం లేని వేళలో కూడా మన ఇంట్లో కాలం గడుస్తుందంటే, ఆ కాలాన్ని మన కోసం అక్కడ ఎవరో ఉండి గడుపుతున్నారనే. ఆ మనిషి వెళ్ళిపోయాక ఆ కాలం ఎవరిదీ కాకుండా ఊరికే గడిచిపోతుంది, అంతే.