రెండు పాలపళ్ళ పందెం

ఆ రోజుల్లో మా నెల్లూరు తీరాన పంటివైద్యుడంటే పన్ను పీకేవాడనే అర్థం. పన్నును నిలబెట్టేవాడు కూడా ఉంటాడని చెబితే, జనం మర్యాదకు తల ఊపి, పీకించుకొనే వెళ్ళేవారు. అరవైల తొలినాళ్ళలో మద్రాసు చదువు ముగించి, తలనిండా ప్రబంధ పద్యాలతో, పెట్టెనిండా సన్నని సూదులతో కావలిలో ఒక పెద్ద డాక్టరు గారి వద్ద సహాయకుడిగా చేరాను. పిల్లల పాలపన్ను వేరుదాకా కుళ్ళితే, ఆ వేరులోని సన్నని కాలువను శుభ్రపరచి మందు నింపే విషయంలో మా ఇద్దరికీ పొసగలేదు. ఆయనది కాలితో తొక్కి తిప్పే మిషను (అది మొదలైతే వీధికుక్కలు సైతం లేచి నిలబడేవి). నాది వేళ్ళతో సూదిని మెలిపెడుతూ లోపలి గోడలను గీకే పద్ధతి.

"ఏది మేలో పన్నే చెప్తుందిలేవయ్యా," అన్నారాయన. "గెలిస్తే పిల్లల కుర్చీ నీది. ఓడితే కట్టుడుపళ్ళకు అచ్చులు పోసుకుంటా కూచో."

అచ్చులు పోసీ పోసీ అప్పటికే నా గోళ్ళలో సుద్ద పేరుకొని ఉంది. కనుక నాకది జీవన్మరణ సమస్య.

వారం తిరగకుండానే బోగోలు నుంచి ఒక అవ్వ మనవరాలిని వెంటబెట్టుకొని వచ్చింది. కుడివైపొకటి, ఎడమవైపొకటి, పుచ్చిన పాలదవడపళ్ళు! విధాత మా పందేనికే ఆ నోటిని తీర్చి పంపాడని మురిసిపోయాం. వయసడిగితే, "పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టింది సామీ," అన్నది అవ్వ. మా తీరంలో పుట్టుకలన్నిటికీ గాలివానలే లెక్క. డాక్టరు గారు వేళ్ళు మడిచి ఎనిమిదేళ్ళని రాశారు. పిల్ల కూడా పొట్టిదే. ఆ వయసుకు అటువంటి పన్ను ఇంకా రెండు మూడేళ్ళు నిలవాలి. కుడిది ఆయనకు, ఎడమది నాకు అని పంచుకున్నాం.

మూడు వారాలు మా వైద్యం సాగింది. ఆయన ఒంటికాలిపై నిలిచి మిషను తొక్కుతుంటే పిల్ల అరుపు రైల్వేస్టేషను దాకా వినబడేది. నా వంతు రాగానే నోరు బిగించేది. అప్పటికప్పుడు రాక్షసుడి కథ ఒకటి అల్లి చెబితే గాని తెరిచేది కాదు. "అన్నా, ఆ రాచ్చసుడు యాడికి పోయినాడు?" అని సూది లోపల ఉండగానే అడిగేది. రాక్షసుడు చచ్చేలోగా నా సూది మొన పంటిలోనే విరిగింది (ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు).

నాలుగవ వారం, తీర్పు రోజున, పిల్ల గుడ్డ మూట విప్పి రెండు పళ్ళనూ బల్ల మీద పెట్టింది.

"మొక్కజొన్న కండె కొరికినా. రెండూ ఊడినాయి."

డాక్టరు గారు భూతద్దం పెట్టి చూశారు. ఆయన పంటికి పక్కన పెద్ద కన్నం. నా పంటి అడుగున సూది మొన తళతళ. వేరు మాత్రం రెండింటికీ లేదు. కింద మొలుస్తున్న కొత్త పళ్ళు దానిని ఎన్నడో కరిగించేశాయి.

"ఏ గాలివానమ్మా?" అని నీరసంగా అవ్వను అడిగారాయన.

"కడపటిది కాదు సామీ, దాని ముందుది. మా కొట్టం ఎగిరిపోయిందే, అది."

అంటే పదకొండేళ్ళు! ఆయన నా వైపు తిరిగారు. "మూడు వారాలు నువ్వు శుభ్రం చేసిందేమిటయ్యా?"

"తమరు శుభ్రం చేసినదేనండీ."

"పీకించుకుందామనే గదా మేం వచ్చింది," అన్నది అవ్వ. "మీరే ఏందో కిందామీదా పడినారు."

డాక్టరు గారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "పిల్లల కుర్చీ నువ్వే తీసుకో. గెలిచావని కాదు, నీకైతే నోరు తెరుస్తారు," అన్నారు.

నేను మొదటి మాట మాత్రమే విన్నాను. నా పద్ధతే గెలిచిందని నమ్మి, ఆ సాయంత్రం కాలరెగరేసుకొని బజారంతా రెండుసార్లు నడిచాను. లేని వేరును అంత శ్రద్ధగా శుభ్రపరచిన ఆ యువపండితుణ్ణి ఇప్పుడు ఆపి, "నాయనా, నిన్ను గట్టెక్కించింది సూది కాదురా," అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. పాపం, అంత సంతోషంగా ఉన్నాడు.