మాట రాని గోరింక

మా టైలరక్క దగ్గర నేను కాజాలు కుట్టేదాన్ని. ఆవిడ కుట్టిన చొక్కా ఒంటికి అతికినట్టు ఉండాల్సిందే. నోటి దురుసు మాత్రం ఎక్కువ. నా చెయ్యి కాస్త నెమ్మదిస్తే చాలు, "కుట్టడానికొచ్చావా, కునుకు తీయడానికొచ్చావా?" అని దులిపేసేది. కూతురి దగ్గర మాత్రం ఆ నోరు వెన్న.

ఆ పిల్లకి పుట్టుచెవుడు, మాట రాలేదు. అమ్మ కావాలంటే గొంతులోంచి "ఉమ్మే" అని ఒక్క కూత పెట్టేది. మిషను చప్పుడులోనైనా అది వినబడగానే అక్క కాలు ఆగిపోయేది. కిటికీ దగ్గర పంజరంలో ఒక గోరింక ఉండేది. ఎన్ని మాటలు నేర్పినా దానికి ఒక్క ముక్క అబ్బలేదు గానీ, ఎవరూ నేర్పని ఆ కూతని మాత్రం అచ్చు గుద్దినట్టు పట్టేసింది. అక్క గబుక్కున తిరిగి చూస్తే పిల్ల ఉండేది కాదు, పిట్ట ఉండేది. "నీక్కూడా నేనే కావాలటే దొంగమొహమా!" అని నవ్వేది.

పిల్ల జ్వరంతో పోయింది. అంతకు మించి దాని గురించి చెప్పడం నా వల్ల కాదు. కొన్నాళ్లకి అక్క మళ్లీ మిషను ముందు కూర్చుంది. వెనకనించి పిట్ట పిలిచింది. నా సూది ఆగిపోయింది. అక్క మాత్రం "ఆఁ, వస్తున్నానమ్మా" అని, కళ్లు తుడుచుకోకుండానే కుట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత ఆవిడ బతికింది ఆ పిలుపు కోసమే.

అక్క మొగుడు, నేను బావ అని పిలిచేవాడు, లారీ డ్రైవరు. మంచివాడే, కాకపోతే ఇంటిపట్టున ఉండేది తక్కువ. వచ్చినప్పుడల్లా పిట్ట కూత విని "ఏంటే దీని గోల?" అని విసుక్కునేవాడు. గుండె తట్టుకోలేక అలా అంటున్నాడని మేమిద్దరం సరిపెట్టుకునేవాళ్లం.

అక్కకి ఆపరేషనయింది. నేనే ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. గుమ్మంలో అడుగు పెట్టామో లేదో, పంజరంలోంచి "బాగున్నావా?" అని ముత్యాల్లాంటి మాటలు. బావ మొహం వెలిగిపోతోంది.

"పాతదాన్ని పిట్టల కొట్లో ఇచ్చేసి దీన్ని తెచ్చానే. అది ఉత్త అరుపుల పిట్ట. నేను లేనప్పుడు ఇదైతే నీతో కబుర్లు చెబుతుంది."

అక్క ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, అయినా విప్పిన చెప్పులు మళ్లీ వేసుకుంది. ఏం జరిగిందో తెలియక బావ మా వెనకే వచ్చాడు.

పిట్టల కొట్లో గోరింకలు బోలెడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"ఏమని మాట్లాడేదమ్మా మీది?" అన్నాడు కొట్టువాడు.

అక్క పొట్ట చేత్తో అదిమి పట్టుకుని, ప్రతి పంజరం ముందూ ఆగి, "ఉమ్మే" అని పిలిచింది. అచ్చం పిల్ల పిలిచినట్టే. ఏ పిట్టా పలకలేదు. కొట్టువాడు పకపకా నవ్వాడు. వాడి చెంప పగలగొడదామనిపించింది నాకు.

"ఓ, ఆ మూగదా! దాన్నెవరు కొంటారమ్మా? తలుపు తీసి వదిలేశా."

బావ అక్క దగ్గరికొచ్చాడు.

"అది... మన పాప గొంతా?" అన్నాడు.

అక్క ఆయన వంక తిరిగింది. తిట్టలేదు. "నీకు తెలుసనుకున్నానయ్యా" అంది.