ప్లగ్గు దగ్గర నా చోటు

"ఉన్నావా?" అన్నారాయన. "ఉన్నానండీ" అన్నాను. ఆస్పత్రి మంచం దగ్గర మా ఇద్దరి మధ్యా అవే చివరి మాటలు. తెలుగు రాకపోయినా నర్సమ్మ అదేదో గుండె లోతుల్లోంచి వచ్చిన మాట అనుకుని కళ్లొత్తుకుంది. ఆవిడకేం తెలుసు, అది మా గరాజ్ మాట!

అమెరికా వచ్చి అరోరాలో కాపురం పెట్టిన కొత్తలో, రెండువేల అయిదు ప్రాంతాల, శనివారం వస్తే వీధిలో మగాళ్లంతా కార్లు కడుక్కునేవారు. మా ఆయన మాత్రం కారు పెట్టుకునే గరాజ్‌లో మెరుపులు పుట్టించేవారు. (రాసేది మా తమ్ముడి కూతురు. నవ్వకే బుజ్జీ, రాయి.) రెండు రాగి కడ్డీలు కింద దగ్గరగా, పైకి పోయేకొద్దీ ఎడంగా నిలబెట్టి ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తే, నిప్పు కింద పుట్టి వాటి మధ్య పైకి పాకుతుంది. అదీ ఆయన సరదా. నా ఉద్యోగం గోడ దగ్గర ప్లగ్గు పట్టుకుని నిలబడటం, తేడా వస్తే లాగెయ్యటం. "ఉన్నావా?" అని అడిగి, నేను పలికితేగాని స్విచ్చి వేసేవారు కాదు. చదువు రానిదానికి అమెరికాలో దొరికిన ఉద్యోగం, జీతం లేదు. ఇల్లు వేడిచేసే పాత నూనె హీటర్‌లోంచి తీసిన ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి మంట జానెడు లేచి ఆరిపోయేది. నాకు అదీ కనబడేది కాదు, అడ్డంగా ఆయనే.

"ఏం కనబడిందే?"

"మీ చొక్కా వెనక చెమట."

ఆ మాట పట్టుకున్నారు. "నువ్వున్న చోటికి కనబడాలి" అని, మూతపడ్డ దుకాణం నియాన్ బోర్డుకున్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ని పసిబిడ్డలా ఎత్తుకొచ్చారు. చిన్నదానికి నేను బొట్టు పెడితే వెక్కిరించిన మనిషి, దీన్ని చూసి తనే జంకి, నేను వంటింట్లో ఉండగా పసుపు తడిపి కడ్డీలు తగిలించే దాని రెండు కొమ్ముల మధ్యా దట్టంగా పూసి, పైన కుంకుమ అద్దారు. స్విచ్చి వెయ్యగానే నిప్పు కడ్డీలు ఎక్కడం మానేసి ఆ తడి పసుపు మీదే చిటపటలాడింది. పోపు మాడిన కంపు. నేను ప్లగ్గు లాగేశాను.

"నీ పూజలే కొంప ముంచాయి!"

"పూసిందెవరండీ?"

ఆయన అప్పటికే గుడ్డ వెతుక్కుంటున్నారు. కాలిపోయిందేమోనని మొహం చిన్నబుచ్చుకుని, తుడిచి, ఆరబెట్టి, సాయంత్రం మళ్లీ "ఉన్నావా?" అన్నారు. ఉన్నానన్నాను. బుర్రుమంటూ లేచింది చూడండి, ఆయన తల దాటి, నీలంగా, కడ్డీల చివరిదాకా! నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేశాను.

"చప్పట్లు కొడుతున్నావంటే ప్లగ్గు ఎవరు పట్టుకున్నారే!"

ఆ తిట్లలో పడి, కనబడిందని చెప్పడం మరిచిపోయాను. ఆయనా మళ్లీ అడగలేదు.

ఇప్పుడా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ గరాజ్‌లో నా పాత చీర కప్పుకుని కూర్చుంది. బట్టలుతికే మిషను వెయ్యడానికి వెళ్తే నా చెయ్యి దానంతటదే గోడమీది ప్లగ్గు దగ్గరికి పోతుంది. ఆ చప్పట్ల పిచ్చిదాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. కనబడిందండీ, బాగా కనబడింది.

ఇక చాలు బుజ్జీ. మొదట్నుంచీ చదివి వినిపించు. ఆయన అడిగిన ఆ మొదటి మాట గట్టిగా చదువు. రెండోది వదిలెయ్యి, నేను చెప్తా.