మైనస్ నూట మూడు

“...అలాగైతే పొయ్యి వెలిగించగానే గిన్నెలో పాలు గడ్డకట్టాలి కదా మాస్టారూ!”

“పొయ్యి గొడవ నీకెందుకమ్మాయ్? ప్రశ్నలో పొయ్యి లేదు. మీథేన్ ఉంది, క్లోరిన్ ఉంది. కీలో జవాబుంది. చూసి దిద్దు.”

ఇరవై టేబుళ్ళ హాలులో ఎర్ర పెన్నులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి. పరీక్ష పేపర్లు దిద్దే ఆ కేంద్రంలో అది రెండో రోజు. మాస్టారు కెమిస్ట్రీకి ప్రధాన పరీక్షకుడు. ఎదురుగా నిలబడ్డావిడ పదకొండో టేబుల్ లెక్చరరు, ఆయన కాలేజీలోనే కాంట్రాక్టు మనిషి. పిల్లలూ తోటివాళ్ళూ ఆమెను మైనస్ మేడమ్ అంటారు. జవాబు ముందు గుర్తు మరిచిపోతే, అంకె ఎంత సరిగ్గా ఉన్నా మార్కు కోసేస్తుందని ఆ పేరు. ఆ అలవాటు అంటించింది మాస్టారే. పద్దెనిమిదేళ్ళ క్రితం ఆమె ఆయన శిష్యురాలు.

ఆమె తండ్రి పాత ఇళ్ళు పడగొట్టే ముఠాలో సమ్మెట పట్టిన మనిషి. సెలవుల్లో ఆమె క్యారేజీ పట్టుకెళ్ళి, ఆయన తినేదాకా ఆ దుమ్ములోనే కూర్చునేది. “గోడ ఊరికే పడుతుందా అమ్మా? ఒళ్ళు హూనమైతే గానీ ఒక్క ఇటుక ఊడి రాదు” అనేవాడు. తర్వాత కాలేజీలో, బంధం తెగితే శక్తి బయటికొస్తుందా అని మాస్టారు అడిగితే క్లాసు క్లాసంతా చేతులెత్తింది. ఆమె ఎత్తలేదు. ఎందుకని అడిగారు.

“మా నాన్న రోజూ పగలగొడతాడండీ. సాయంత్రానికి ఆయన్లో శక్తేం మిగలదు.”

పిల్లలు విరగబడి నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఆ రోజు నుంచి క్లాసు అయిపోయాక అరగంట ఆమెను కూర్చోబెట్టి లెక్కలు చేయించారు. రెండేళ్ళు అలా చేయించారు.

ఇప్పుడు గొడవ ఇరవై ఒకటో ప్రశ్న మీద. మీథేన్‌లో ఒక హైడ్రోజన్‌ని తీసి ఆ చోట క్లోరిన్‌ని పెడితే ఎంత వేడి పుడుతుందో, లేదా ఎంత వేడి పీల్చుకుంటుందో, ఇచ్చిన బంధ శక్తులతో అంచనా కట్టాలి. నాలుగు మార్కులు. తెగే బంధాలు రెండు, వాటి విలువలు 435, 243. మొత్తం 678. కొత్తగా ఏర్పడేవి రెండు, 350, 431. మొత్తం 781. తెంచడానికి పెట్టిన దాంట్లోంచి, కలిసినప్పుడు వచ్చినది తీసేస్తే మైనస్ 103 కిలోజౌళ్ళు. అంటే అంత వేడి బయటికి వస్తుంది.

కీలో ప్లస్ 103 అని ఉంది. అంటే అంత వేడిని లోపలికి లాక్కుంటుందని; ఆ లెక్కన పొయ్యి వెలిగించినా గిన్నె చల్లబడాలి.

అది ఎలా జరిగిందో ఆమెకు చూడగానే తెలిసింది. పదార్థాలు ఏర్పడేటప్పటి వేడితో లెక్క కట్టేటప్పుడు చివరికి వచ్చిన పదార్థాల మొత్తంలోంచి మొదట ఉన్నవాటి మొత్తం తీసేస్తారు. బంధాలతో కట్టేటప్పుడు అది తిరగబడుతుంది. మొదటి లెక్క వేలసార్లు చేసిన చెయ్యి రెండోదాన్ని కూడా అదే దారిలో లాక్కుపోతుంది. ఈ పొరపాటు కెమిస్ట్రీ తెలియనివాళ్ళు చెయ్యలేరు.

ఆమె టేబుల్ మీద తెరిచి ఉన్న పేపర్లో ఎవరో పిల్లో పిల్లాడో మైనస్ రాసి, కొట్టేసి, ప్లస్ చేసి, దాన్నీ కొట్టేసి మళ్ళీ మైనస్ రాశారు. పక్కన చిన్న అక్షరాలతో, “వేడి బయటికే వస్తుంది, మళ్ళీ చూసుకున్నాను” అని ఉంది. కీ ప్రకారం ఆ జవాబుకి సున్నా వెయ్యాలి. ఈ నాలుగూ పోతే పాసు కూడా కాదు.

పక్క టేబుల్లో అందరూ బాబాయి అని పిలిచే ముసలి లెక్చరరు తల ఎత్తకుండానే అన్నాడు. “కూర్చో తల్లీ. కీ అంటే దేవుడు రాసిన రాత. దిద్దేవాడు రబ్బరు స్టాంపు.”

“మీ దగ్గర ఎన్ని మైనస్‌లొచ్చాయి బాబాయ్?”

“లెక్కపెట్టలేదు. నిద్ర పట్టదని.”

ఆమె మళ్ళీ మాస్టారి టేబుల్ దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

“ఇదంతా ఉజ్జాయింపే కదమ్మాయ్. ఒక పుస్తకంలో ఒక విలువ, ఇంకో పుస్తకంలో ఇంకోటి. ఉజ్జాయింపు మీద ఇంత రాద్ధాంతమా?”

“ఉజ్జాయింపంటే అంకె అటూ ఇటూ అవుతుంది మాస్టారూ. వేడి చల్లన అవదు.”

ఆయన పక్క టేబుళ్ళ వైపు ఓసారి చూశారు. తర్వాత గొంతు తగ్గించి, “ఆ కీ నేనే రాశాను” అన్నారు.

“తెలుసండీ.”

“ఈ నెలాఖరుకి దిగిపోతున్నాను. సవరణ పంపాలంటే నా పేరుతో వెళ్ళాలి. ముప్పై నాలుగేళ్ళ సర్వీసుకి చివరి కాగితం అదవుతుంది.” కళ్ళద్దాలు పెట్టుకున్నారు. “నీ కాంట్రాక్టు పొడిగించడానికి రిపోర్టు కూడా నేనే రాయాలి. బెదిరిస్తున్నాననుకోకు.”

“అనుకోవట్లేదండీ. మీరు చెప్పారు, నేను విన్నాను.”

“ఒక పని చేద్దాం. ఏ గుర్తు వేసినా నాలుగూ వేసెయ్యమని ఈ హాలు వరకు నోటిమాటగా చెప్తాను. ఏ పిల్లాడికీ నష్టం లేదు. సరేనా?”

సరే అనడం ఎంత తేలికో ఆమెకు అర్థమైంది. తెరిచి ఉన్న పేపరు గట్టెక్కుతుంది. మాస్టారి పరువు నిలుస్తుంది. తన ఉద్యోగం ఇంకో ఏడు సాగుతుంది.

“ఇదే కీతో మిగతా కేంద్రాల్లో కూడా దిద్దుతున్నారు కదండీ?”

“దిద్దుతున్నారు.”

“మరి అక్కడి పిల్లలకి మీ నోటిమాట ఎవరు చెప్తారు?”

మాస్టారు ఫైలు మూశారు. “పెద్దదానివయ్యావు. వెళ్ళి నీ పేపర్లు దిద్దుకో. కీ ప్రకారం. లేదంటే కట్ట అప్పజెప్పి ఇంటికెళ్ళు.”

ఆమె పదకొండో టేబుల్ వైపు నాలుగడుగులు వేసి, దారి మార్చి గోడకున్న నల్లబల్ల దగ్గరికి నడిచింది. హాజరు అంకెలు చెరిపేసింది. సుద్దముక్క తీసుకుని తెగే బంధాలు ఎడమవైపు, కలిసేవి కుడివైపు రాసింది. సుద్ద కీచుమన్నప్పుడల్లా ఒక్కో తల లేచింది. మాస్టారు లేచి నిలబడ్డారు గానీ ఆపలేదు. లెక్క పూర్తయ్యేదాకా ఆయన చూపు బల్ల మీదే ఉంది, ఒకప్పుడు క్లాసు అయిపోయాక ఆ అరగంటలో ఉన్నట్టే. 678 కింద 781 వేసి, గీత గీసి, ఆమె ముందు గుర్తు పెట్టి ఆ తర్వాతే అంకె రాసింది.

“తప్పుంటే చెప్పండి మాస్టారూ. ఇక్కడే చెరిపేస్తాను.”

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. బాబాయి పెన్ను మూత పెట్టేశాడు.

“ఏం బాబాయ్, మీకేమైనా తప్పు కనిపిస్తోందా?”

“నన్నెందుకు లాగుతావే తల్లీ,” అన్నాడు బాబాయి. ఒక క్షణం ఆగి, “లెక్కలో తప్పు లేదు” అన్నాడు.

ఆమె చేతికంటిన సుద్ద చీర చెంగుకి తుడుచుకుని, హాలు వైపు తిరిగింది.

“అందరూ వినండి. నా కట్టలో మైనస్ నూట మూడు వేసినవాళ్ళకి నాలుగుకి నాలుగు వేస్తున్నాను. ప్లస్ వేసినవాళ్ళకి లెక్క నడిపినందుకు రెండు. కీ తప్పని, ఎందుకు తప్పో చూపించి, అన్ని కేంద్రాలకీ సవరణ పంపమని బోర్డుకి ఉత్తరం రాస్తున్నాను. కింద నా సంతకం ఒక్కటే ఉన్నా పంపుతాను.”