ఎవిడెన్స్ పేపర్లో ఫస్టు

నాకు వాని మీద కుళ్ళు ఉండె. ఇన్నేండ్లు నల్లకోటేసుకొని కోర్టుల్లో తిరిగినాక ఇంక దాచుకునేదేంది? మామూలు కుళ్ళు కూడా కాదు. అన్నం తింటాంటే వాడు గుర్తొస్తే కంచం నెట్టేసి లేచేదాన్ని. చర్చిలో కండ్లు మూసుకుంటే ప్రార్థన బదులు వాని మార్కులు కనపడేవి.

మాది జమ్మలమడుగు. ముత్తాతల కాలంలో దొరల మిషన్లో కలిసినోళ్ళం. నాయన మిషన్ బడిలో అయివారు. నేను కూడా అదే బడిలో రెండేండ్లు చిన్నపిల్లోళ్ళకు పాఠాలు చెప్పి, ఆ తర్వాత లా కాలేజీలో చేరినా. అందుకే క్లాసులో అందరికన్నా పెద్దదాన్ని. వాడు పులివెందుల పక్క పల్లె నుంచి వచ్చినాడు. గొర్లు మేపేటోళ్ళ ఇల్లు. నాకన్నా చిన్నోడు కాబట్టి నన్ను నోరారా అక్కా అంటాండె. నోట్సు కావాలంటే అక్కా, పెన్నులో ఇంకు అయిపోతే అక్కా. ఫస్టు మార్కు మాత్రం అక్కకు ఒక్కసారి కూడా వదిల్లేదు.

మా కాలేజీలో ఒక పద్ధతి ఉండె. ఒక్కో పేపర్లో ఎవరికి ఎక్కువ మార్కులు వస్తే వాళ్ళకు వార్షికోత్సవం నాడు స్టేజీ మీద ఒక సర్టిఫికెట్టు, ఒక లావుపాటి పుస్తకం ఇచ్చేవాళ్ళు. కాంట్రాక్టు లాకు ఒకటి, హిందూ లాకు ఒకటి, రాజ్యాంగానికి ఒకటి. బయటోళ్ళకు అదొక కాగితం, అంతే. లాయర్ల ఇండ్లలో పుట్టిన పిల్లలకు కూడా అంతే, వాళ్ళకు నాయన ఆఫీసో మామ ఆఫీసో ముందే కుర్చీ తుడిచి పెట్టుకొని ఉంటాది. అయివారి కూతురికీ గొర్లోని కొడుక్కీ ఎవరు కుర్చీ వేస్తారు? మాలాంటోళ్ళకు కోర్టు గుమ్మం కాడ చూపించేదానికి ఆ కాగితం తప్ప ఇంకేమీ లేదు.

అన్నిట్లోకీ ఎవిడెన్స్ ప్రైజు వేరు. ప్రొద్దుటూరులో ఒక పెద్ద క్రిమినల్ లాయరు ఉండె. మూడు నాలుగు తాలూకాల హత్య కేసులన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన ప్రతి ఏడూ ఎవిడెన్స్ పేపర్లో ఫస్టు వచ్చినోళ్ళను పిలిపించి తన ఆఫీసులో జూనియరుగా పెట్టుకుంటాండె. ఎమ్మెల్యే రాసిచ్చిన సిఫార్సు లెటరు తీసుకొనిపోయినా వాకిట్లో నుంచే పంపించేస్తాడని పేరు. సాక్షిని ఎట్ల అడగాల్నో తెలిసినోడే నాకు కావాల, ఎవరి కొడుకో నాకెందుకు అంటాడంట. ఆ మాట నా చెవిన పడిన రోజే ఆ ప్రైజు నాదని రాసిపెట్టుకున్నా.

ఏడాదంతా చదివినా. సెక్షన్లు నిద్రలో కూడా అప్పజెప్పేదాన్ని. నోట్సు ఎంత పొందికగా రాసుకున్నానంటే పరీక్షల ముందు క్లాసంతా నా నోట్సు కోసం తిరిగినారు. నేను ఎవరికీ ఇయ్యలేదు. వానికి ఒక్కనికే ఇచ్చినా. పాపం, పుస్తకం కొనలేడులే, వీడు నన్ను దాటేదుందా అని. ఎంత పొగరు చూడండి నాకు!

ఫలితాలొచ్చినాయి. వాడు నాకన్నా రెండు మార్కులు ఎక్కువ. నోటీసు బోర్డు కాడ నేను గడ్డకట్టుకొని నిలబడి ఉంటే, వాడు పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

"నీకే వస్తాదనుకుంటి అక్కా. నీ నోట్సు వల్లే నాకొచ్చింది."

ఎగతాళికి అనింటే చెంప మీద ఒకటి ఇచ్చి మర్చిపోయేదాన్ని. నిజంగానే అన్నాడు. అదీ నా మంట.

వార్షికోత్సవం పొద్దున పదకొండుకని కార్డు మీద అచ్చేసినారు. ముఖ్య అతిథి అధికార పార్టీ నాయకుడు. మండలం ఎలక్షన్లు దగ్గర పడినాయి, ఆయన జీపులేసుకొని ఊర్లు తిరుగుతాండాడు. పదకొండైంది, రెండైంది, నాలుగైంది, ఆయన జాడే లేదు. పిల్లోళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ప్రైజులు వచ్చినోళ్ళు కూడా తర్వాత ఆఫీసులో తీసుకోవచ్చులే అని బస్సులెక్కినారు. ఆఖరుకు ప్రిన్సిపాలు, ఇద్దరు లెక్చరర్లు, షామియానా వాళ్ళు, నాయకుని కోసం వచ్చిన పార్టీ మనుషులు మిగిలినారు. మా క్లాసులో వాడూ నేనూ.

వాడు ప్రైజు కోసం ఉన్నాడు, సరే. నాకేం పని ఆడ? నాకు రావాల్సింది ఏమీ లేదు. అయినా లేచి పోలేకపోయినా. ఆ పుస్తకం వాని చేతిలో పడేదాకా ఏమైనా జరగొచ్చు, పేరు తప్పు చదవొచ్చు, నాయకుడు రానేరాకపోవచ్చు అని ఏదో పాడు ఆశ. వాడు ఎవరో అరువిచ్చిన తెల్లచొక్కా వేసుకొని వచ్చినాడు. చేతులు పొడుగైతే రెండు మడతలు పెట్టినాడు. కుడిచేతి మడత ఊడిపోతాంటే మాటిమాటికీ సర్దుకుంటాండాడు. ఆఖరుకు ఐదు దాటినాక నాయకుడు దిగినాడు. ఎవరితోనో మాట్లాడుతూ, వాని మొగం కూడా చూడకుండా సర్టిఫికెట్టు ఇచ్చినాడు. నేను వాచీ చూసుకున్నా. ఆరింటికి మా ఊరి బస్సు. ఐదూ నలభై. ఒకని మీద కుళ్ళు పెట్టుకున్న మనిషి చూసినట్టు ఇంకెవరూ చూడరు. ఆ పూట వాడు ఎన్నిసార్లు నవ్వినాడో కూడా నేను చెప్పగలను. ఫొటోలు తీసేవాడు మాత్రం రీలంతా నాయకుని మీదే ఖర్చు పెట్టినాడు.

అదే పూట, సుమారు అదే టైముకు, పులివెందుల పక్కన వాని ఊర్లో రెండు పార్టీలు కొట్టుకున్నాయి. నాటుబాంబు పడి ఒకాయన చెయ్యి పోయింది.

ఈడ మా వైపు సంగతి ఒకటి చెప్పాల. కొట్లాట అయినాక కంప్లైంటులో కొట్టినోళ్ళ పేర్లే రాయరు. ఎదుటి పార్టీ వీధిలో ఎవడు బాగా చదువుకుంటాండాడు, ఎవనికి ఉద్యోగం వచ్చేటట్టుంది అని వెతికి వాని పేరు చేరుస్తారు. చెయ్యి తీసేస్తే ఒక మనిషి పోతాడు, చదువుకున్నోన్ని కేసులో ఇరికిస్తే ఇల్లే లేవకుండా పోతాదని వాళ్ళ ఎత్తు. మా క్లాసోని నాయనకు గొర్లు తప్ప ఏ పార్టీ లేదు. కానీ ఇల్లు ఒక పార్టీ వీధిలో ఉండె, అది చాలదా! ముద్దాయిల్లో ఐదో పేరు వానిది. బాంబు విసిరినాడని రాసినారు. మర్సటి రోజు పుస్తకం చంకలో పెట్టుకొని ఊర్లో బస్సు దిగినోన్ని దిగినట్టే పట్టుకొని సబ్‌జైల్లో వేసినారు.

కేసు చూసే సీఐ కోస్తా నుంచి కొత్తగా వచ్చినాడు, నిక్కచ్చి మనిషని పేరు. వాడు సర్టిఫికెట్టు చూపిస్తే, కార్డు మీద పదకొండు గంటలని ఉంది గదా, ప్రైజు తీసుకొని రెండు బస్సులు మారినా మాపటేలకు ఊరు చేరొచ్చు అన్నాడంట. సాయంత్రం ఆ టైములో నిన్ను ఆడ చూసినోళ్ళు ఒక్కరొచ్చి వాంగ్మూలం ఇస్తే ఛార్జిషీటులో నీ పేరు తీసేస్తా అని కూడా అన్నాడంట. కేసు పెట్టినోళ్ళు ఆ నాయకుని పార్టీ వాళ్ళే. ప్రిన్సిపాలు, లెక్చరర్లు, మమ్మల్ని ఇందులోకి లాగొద్దని చేతులెత్తేసినారు. షామియానా వాళ్ళకు వాడెవడో తెలీదు. ఇంక మిగిలింది నేను.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వాని నాయన మా అరుగు మీద కూర్చోనుండాడు. భుజం మీద కంబళి, కాళ్ళ నిండా దుమ్ము. మా నాయనను చూసి లేచి నిలబడినాడు.

"అయివారూ, మావోడు ఒకటే మాట అంటాండాడు. అక్క ఆఖరుదాకా ఉండె, అక్క సెప్తాది నాయనా, నువ్వేం భయపడాకు అని. పాప ఒక్క మాట సెప్తే చాలంట. జడ్జి అయ్యేదానికి మున్సిఫ్ పరీచ్చ రాస్తానని శానా ఆశ పెట్టుకోనుండాడు అయివారూ. కేసులో పేరుంటే దానికి పనికిరాడంట గదా?"

నాయన నా వైపు తిరిగినాడు. "ఏం పాపా, చూసినావా?"

ఆ క్షణంలో నా మనసులో ఏముండిందో దాచకుండా చెప్తా. ఫ్యాక్షనోళ్ళు గుర్తుకు రాలేదు. బాంబులు గుర్తుకు రాలేదు. ప్రొద్దుటూరు లాయరు ఆఫీసులో ఒక ఖాళీ కుర్చీ గుర్తుకొచ్చింది. ఫస్టు వచ్చినోడు జైల్లో ఉంటే సెకండు వచ్చినోళ్ళను పిలుస్తారు గదా అని ఎవరో నా చెవిలో చెప్పినట్టే వినపడింది.

"లేదు నాయనా. నేను ముందే వచ్చేస్తి. నేను చూడలేదు."

ఆ రోజు ఆరింటి బస్సు దిగితే బస్టాండులో నాకోసం నిలబడినది మా నాయనే. నేను ఎప్పుడొచ్చినానో ఆయనకు తెలుసు. అయినా ఆ పెద్దాయనకు మజ్జిగ ఇప్పించి, రోడ్డు దాకా సాగనంపి వచ్చినాడు. వచ్చినాక ఒకటే అడిగినాడు.

"భయమైందా పాపా?"

"అవు నాయనా."

భయం అనే మాట ఎంత పనికొచ్చిందో! మా వైపు భయపడితే ఎవరూ తప్పు పట్టరు. ఆడపిల్ల, ఆ ముండాకొడుకుల కేసులో యాడ సాక్ష్యం చెప్తాది అని వీధంతా నా తరఫునే మాట్లాడినారు. అమ్మ దిష్టి కూడా తీసింది.

నెల తిరక్కుండానే ప్రొద్దుటూరు నుంచి పిలుపొచ్చింది. ఆయన నా మార్కుల కాగితం చూసి, "రెండు మార్కులు తక్కువ, కానీ ఏం చేస్తాం, కూర్చోమ్మా" అన్నాడు. కూర్చున్నా. ఎన్నాళ్ళో కలగన్న కుర్చీ. ఆ "ఏం చేస్తాం" అనే మాట మాత్రం ఆయన దగ్గర పనిచేసినన్ని ఏండ్లూ నన్ను పొడుస్తానే ఉండె. నేను గెలిచినప్పుడల్లా, ఆ పిల్లోడైతే ఇంకెట్ల అడిగేవాడో అని ఆయన అనుకుంటాండాడేమో అని నాకు అనుమానం. జైలుకు పోయినోని మీద కూడా కుళ్ళుకున్నా నేను.

వాని కేసు ఏండ్లకేండ్లు నడిచింది. ఆఖరుకు రెండు పార్టీల పెద్దలూ కూర్చొని రాజీ అయినారు. చెయ్యి పోయినాయనతో సహా సాక్షులందరూ బోనెక్కి, మాకేమీ తెలియదు అని దిగిపోయినారు. అందరి మీదా కేసు కొట్టేసినారు. మున్సిఫ్ పరీక్షకు వానికి వయసు దాటిపోయింది. కేసున్నన్నాళ్ళూ లాయరుగా పేరు నమోదు కూడా కాలేదు. అందరూ సీనియర్లయినాక వాడు పులివెందుల కోర్టులో జూనియరుగా మొదలుపెట్టినాడు.

ఒకసారి ప్రొద్దుటూరు కోర్టులో ఎదురెదురు పడినాం. నా సాక్షిని వాడు అడిగినాడు. గట్టిగా ఒక్క మాట లేదు, బెదిరింపు లేదు, పల్లెలో అరుగు మీద కూర్చొని మాట్లాడినట్టే అడిగినాడు. పది ప్రశ్నల్లో నా సాక్షి తన మాటకు తానే అడ్డం తిరిగినాడు. నేను అన్నేండ్లు ఆ పెద్ద లాయరు దగ్గర నేర్చుకున్నది వీడు ఎవరి దగ్గరా నేర్చుకోకుండా చేసినాడు. కోటు విప్పి చేతి మీద వేసుకొని బయటికొచ్చినా. నా మొగం ఎట్లుందో నాకే తెలుసు.

వాడే వచ్చి, "అక్కా, టీ తాగుదాం రా" అన్నాడు. కోర్టు బయట బంకు కాడ నిలబడినాం. ఇంక ఆగలేకపోయినా.

"అప్పా, ఆ పొద్దు నేను భయపడి చెప్పలేదనుకుంటాండావేమో. భయం కాదు."

"తెలుసక్కా" అన్నాడు, టీ ఊదుకుంటా.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మా నాయన జైలుకొచ్చి, ఆ పాప చూడలేదంట అని చెప్పిన రోజు నుంచే. భయపడినోళ్ళు, చూసినా గానీ నేను రాలేనప్పా, నన్ను వదిలేయండి అంటారు. నువ్వు చూడలేదు అన్నావు."

నేను అడిగినా. "మరి ఊరంతా నేను భయపడినానని చెప్పినావంట గదప్పా? మా నాయనకు కూడా అట్లే చెప్పి పంపించినావు."

"ఏం చేద్దుననుకుంటివి? భయపడిందంటే జనం నాలుగు రోజుల్లో మర్చిపోతారు. కుళ్ళుకొని అబద్ధం చెప్పిందని తెలిస్తే నీకు కేసు ఎవరిస్తారక్కా? అప్పటికే ఆఫీసులో చేరినావని తెలిసింది. నా పని ఎట్లాగూ అయిపోయింది, నీదన్నా నిలబడనీలే అనుకుంటి."

దండం పెట్టుండాల్సింది. బంకు కాడే కూలబడి ఏడ్చి ఉండాల్సింది. నాకు ఒక్క చుక్క కన్నీళ్ళు రాలేదు. ఈ మంచితనం కూడా వీనికే ఇస్తివా దేవుడా, నాకు రవ్వంత కూడా మిగిలించకపోతివా అని కడుపులో మంట లేచింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, కేసుందని అబద్ధం చెప్పి లోపలికి పోయినా.