బంగారు కడుపు జీవి

సముద్రపు ఒడ్డున ఉన్న ప్రయోగశాలలో ఆమెను అందరూ ‘నలుసు మేడం’ అంటారు. నీటిలో తేలే, కంటికి ఆనని ప్లాంక్టన్ జీవులే ఆమె లోకం. మంచినీళ్ల గ్లాసునైనా వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసి గానీ తాగదు. పొద్దున్నే పడవ మీంచి సన్నని వల ఈడ్చి నీటి నమూనా తెస్తుంది. వస్తూ వస్తూ, సముద్రంలోకి మురుగు వదిలే హోటలు గేటు ముందు ఆగి మేనేజరును కడిగి పారేస్తుంది. “నీ చెత్తంతా ఆ బుల్లి ప్రాణులు తింటాయి. వాటిని చేపలు, చేపల్ని నువ్వూ!” ఆయన చేతులు కట్టుకుని, ఆవలింత ఆపుకుంటూ వింటాడు.

రిటైరయ్యేలోగా ఒక్క కొత్త జీవినైనా కనిపెట్టాలని ఆమె కోరిక. మొన్న సూక్ష్మదర్శినిలో బంగారంలా మెరిసే కడుపుతో ఒకటి కనబడేసరికి కుర్చీలోంచి గెంతింది. అన్నం క్యారియరు తెచ్చిన ఆడపడుచును లాక్కొచ్చి, “చూడు! దీనికి మీ అమ్మ పేరు పెడతా” అంది. ఆడపడుచు తీరిగ్గా చూసింది. “దాని కడుపులో ఉన్నది రోజూ నీ మొహాన చూసే మెరుపేగా వదినా! నువ్వు రుద్దుకునే క్రీములోది. మన స్నానాల గది నీళ్లూ సముద్రంలోకేగా పోయేది?” నలుసు మేడం చెంప తడుముకుంది. వేలికి రెండు ప్లాస్టిక్ రవ్వలు అంటుకుని, తళతళా నవ్వాయి. “మీ అమ్మ పేరొద్దులే” అంది నీరసంగా.

మర్నాడు గేటు దగ్గర మేనేజరు అలవాటుగా చేతులు కట్టుకున్నాడు. ఆమె సంచీలోంచి క్రీము ట్యూబు తీసి ఆయన చేతిలో పెట్టింది. “ఇది నేను సముద్రంలోకి వదిలిన చెత్త. ముందు నన్ను తిట్టు. తర్వాత నీ సంగతి చూస్తా.”