పెంటకుప్ప మీద మంచి గుడ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నోరు ఆగని మనిషి ఎవరంటే నేనే. తొమ్మిదేళ్లకే ఊళ్లో ఎవరింట్లో ఏం కూర వండారో చెప్పగలిగేదాన్ని. వినేవాళ్లు నవ్వేవాళ్లు, నేను మురిసిపోయేదాన్ని. ఆ నోరు ఒక పసిపాప ప్రాణం మీదికి తెస్తుందని అప్పటికి నాకు తెలియదు.

మాది సిద్దిపేట పక్కన, చిన్నకోడూరు దారిలో ఒక చిన్న ఊరు. మా నాయనమ్మ పెరట్లో పదిహేను పెట్టలను సాకేది. గుడ్లు గంపకెత్తుకుని బస్సులో సిద్దిపేట అంగడికి పోయి అమ్ముకొచ్చేది. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం లేచి, ఆ ఎండాకాలం బస్సులు ఆగిపోయాయి, అంగడి మూతబడింది. కోళ్లకు బందు సంగతి తెలియదు కదా, అవి మామూలుగానే పెట్టాయి. పులుసు, పొరటు, ఉడకబెట్టినవి, మామిడికాయ వేసి వండినవి... వారం తిరిగేసరికి గుడ్డు పేరెత్తితేనే మాకు మొహం మొత్తింది. మిగిలినవి తడి ఇసుకలో దాచినా ఆ ఎండకు ఎన్నాళ్లు నిలుస్తాయి?

పక్కింటి అక్కది వేరే కష్టం. ఒళ్లో మూడు నెలల పాప. భర్త హైదరాబాదులో బట్టలు కుట్టే పనికి పోయాడు. అక్కడ ఊరేగింపు మీద కాల్పులు జరిగాయని తెలిసిన రోజు నుంచి అతని కబురు లేదు. అతను పంపితేనే ఆ ఇంట్లో గింజలు. అక్క గంజి నీళ్లతో రోజులు నెట్టుకొస్తోంది, పాపకు పాలు చాలడం లేదు. అయినా అక్క మహా పంతం మనిషి. చేయి చాచదు, జాలిపడి ఇస్తే తీసుకోదు.

నాయనమ్మకు ఆ సంగతి తెలుసు. అందుకే ఒకరోజు గోడ మీది నుంచి మొర పెట్టుకుంది. "ఎండకు గుడ్లు మురిగిపోతున్నయ్ బిడ్డా. పారేస్తే పాపం తగుల్తది. జర నువ్వన్న తిని నా బాధ తప్పియ్యి." ఆ రోజు నుంచి నాలుగేసి గుడ్లు నా చేత పంపేది. అక్క తినేది. పాప ఏడుపు తగ్గింది.

అయిదారు రోజులకు అక్క మొహంలో మళ్లీ నవ్వు చూశాను. "నేను తినకుంటే మీ నాయినమ్మ ఏం జేసునో!" అని నన్ను ఆటపట్టించింది. నాకు రోషం వచ్చింది. "అవి మురిగినయేం గావు అక్కా. పొద్దుగాల పెట్టినయే. మీ ఇంట్ల పొయ్యి ముడ్తలేదని మా నాయినమ్మ కావాలెననే పంపుతుంది" అనేశాను.

అక్క నాలుగు గుడ్లూ నా గిన్నెలో తిరిగి పెట్టి, "మాకు ఉన్నయని చెప్పు" అని తలుపు దగ్గరికి వేసింది. మర్నాడూ తీసుకోలేదు, ఆ మర్నాడూ తీసుకోలేదు. పాప ఏడుపు మొదట పెరిగింది, తర్వాత సన్నబడింది. ఆ సన్నబడడమే భయంగా ఉండేది. నాయనమ్మ నిలదీస్తే ఏడుస్తూ జరిగింది చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

మర్నాడు పొద్దున్నే గుడ్ల గంప ఎత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని రెండిళ్ల మధ్య ఉన్న పెంటకుప్ప దగ్గరికి పోయింది. అక్క పాపను ఎత్తుకుని వాకిట్లోనే ఉంది. "పాడుగాను, అన్నీ మురిగినయ్" అని గట్టిగా తిట్టుకుంటూ నాయనమ్మ ఒక గుడ్డు తీసి పెంట మీద కొట్టింది. తర్వాత ఇంకొకటి. అవి ఆ పొద్దున గూట్లోంచి నేను తీసినవే. ఒక్క గుడ్డు పగిలినా నన్ను రోజంతా సాధించే మనిషి! సొనలు చెదరకుండా పచ్చగా మెరుస్తున్నాయి, మురుగు వాసన అన్నదే లేదు. కుక్కలు ఉరికొచ్చి నాకుతున్నాయి. అయిదోది ఎత్తేసరికి అక్క వచ్చి ఆ చేయి పట్టుకుంది.

"ఇగ చాలు అవ్వా."

"నాకు కండ్లు కనిపిస్తలేవు బిడ్డా. మంచియేమన్న ఉన్నయేమో నువ్వే ఏరు" అంది నాయనమ్మ, పాపను అందుకుంటూ.

అక్క కూర్చుని ఒక్కొక్క గుడ్డునూ చెవి దగ్గర ఆడించి చూసింది. మురిగిన గుడ్డయితే లోపల గలగలమంటుంది. ఒక్కటీ మోగలేదు. అక్క ఏడుస్తూనే అన్నీ కొంగులో వేసుకుంది. ఆ తర్వాత రోజూ అక్కే వచ్చి మా గుడ్లు ఏరిపెట్టేది. ఏరినందుకు కొన్ని తీసుకుపోయేది.

భర్త రాలేదు. కాల్పుల్లో పోయాడని నెల దాటాక తెలిసింది, కడచూపు కూడా దక్కలేదు. పాప మాత్రం బతికింది.

ఈ వయసులో కూడా ఎవరికైనా ఏదైనా పట్టుకుపోతే, "ఇది బాగుందో లేదో జర చూసి పెట్టు" అంటూ చేతిలో పెడతాను. అబద్ధమే. బాగానే చెప్తాను గానీ, తీసుకునే మనిషి కళ్లలోకి మాత్రం నేటికీ చూడలేను.